దుమ్ముగూడెం లాకు దగ్గర ఆగిన దారి

భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్లేవారు దుమ్ముగూడెంలో ఆగి గోదావరి గట్టుకు నడిస్తే, ఏటికి అడ్డంగా పాత ఆనకట్ట, దాని పక్కనే చెక్కిన రాళ్లతో కట్టిన గోడలు, వాటి మధ్యనుంచి వెళ్లే కాలువ కనబడతాయి. ఇదేమిటని అక్కడ మేకలు కాసే పిల్లలను అడిగితే "దొరలు కట్టిండ్రంట" అంటారు. ఎందుకు కట్టారని అడిగితే, పిల్లలే కాదు, చదువుకున్న పెద్దలు కూడా పొలాలకు నీళ్లివ్వడానికే అయి వుంటుందని జవాబు చెబుతారు. ధవళేశ్వరం ఆనకట్టకు ఇది తమ్ముడి వంటిదని చాలామంది అభిప్రాయం.

నిజం అది కాదు. కట్టినవారు ఒక్క ఎకరం తడపాలని దీనిని కట్టలేదు. నాగపూరు పత్తిని పడవల మీద మన వూళ్ల ముందునుంచి సముద్రానికి తీసుకుపోవడానికి కట్టారు. ఆ పత్తి ఇంగ్లండులోని మాంచెస్టర్ మిల్లులకు చేరాలి. మనం మధ్య దారిలో వున్నాం, అంతే. దారి పూర్తి కాలేదు, 1871లో పని ఆపేశారు, రాళ్లు మనకు మిగిలాయి.

నూట యాభై ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడెందుకని పాఠకులు అడగవచ్చు. కారణం వుంది. భద్రాచలం నుంచి రాజమండ్రి వరకు 171 కిలోమీటర్ల గోదావరిని 2008లో కేంద్ర ప్రభుత్వం జాతీయ జలమార్గంలో చేర్చింది. కృష్ణానది, కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు పోయే కాలువలు కూడా అందులోవే. దాని నంబరు నాలుగు. 2016 చట్టంలో అదే మార్గాన్ని భద్రాచలం నుంచి ఎగువకు నాసిక్ దాకా పొడిగించారు. అంటే దుమ్ముగూడెం ముందునుంచి పడవల దారి కాగితం మీద మళ్లీ వచ్చి కూర్చున్నది. పాత దారి ఎవరి కోసం వచ్చింది, ఎందుకు పోయింది, పోతూ పోతూ మన వాళ్లకు ఏమి మిగిల్చింది అనే లెక్క చూసుకోకుండా కొత్త దారి గురించి మాట్లాడటం నాకు సబబుగా తోచలేదు.

ఇంగ్లీషు దొరలు రాకముందు కూడా ఈ ప్రాంతంలో వర్తకపు దారి వుంది. అది పడవల దారి కాదు, ఎద్దుల దారి. లంబాడీలు పెరికెలు వేసిన ఎద్దులను వందలాదిగా తోలుకుంటూ కోస్తానుంచి ఉప్పు మోసుకు వచ్చేవారు. అడవి దేశానికి, బస్తరుకు, నాగపూరుకు ఉప్పు లేదు. అక్కడ ధాన్యం, పత్తి, అడవి సరుకు వున్నాయి. ఉప్పు పైకి, మిగతావి కిందికి. ఎద్దు నడిచినంత దూరమే బిడారు నడిచేది, గడ్డి, నీరు వున్నచోట మజిలీ పడేది. మజిలీ పడిన ప్రతి వూరికీ ఎంతో కొంత లాభం వుండేది. కోయవాడు చింతపండో, మైనమో ఇచ్చి మానెడు ఉప్పు తీసుకునేవాడు. ఆ బేరంలో మోసం లేదని నేను అనను. కాని దారి ఆ వూళ్లో ఆగేది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

1850 ప్రాంతాలలో పరిస్థితి మారింది. 1853లో నిజాం బేరారును కంపెనీవారికి అప్పగించవలసి వచ్చింది. నాగపూరు భోంసలే రాజు వారసుడు లేకుండా చనిపోగా ఆ రాజ్యాన్ని కూడా కంపెనీ కలిపేసుకుంది. నల్లరేగడి పత్తి దేశమంతా వారి చేతికి వచ్చింది. పత్తి వుంది, ఓడలు వున్నాయి, నడుమ వందల మైళ్ల అడవి, గుట్టలు. అప్పటికే, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి పేరు తెచ్చుకున్న ఆర్థర్ కాటన్ ఒక ఆలోచన చెప్పాడు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతున్నాయి, ప్రాణహిత గోదావరిలో కలుస్తున్నది, గోదావరి కాకినాడ దగ్గర సముద్రానికి పోతున్నది. దేవుడిచ్చిన దారి వుండగా ఇనుపదారి ఎందుకన్నది ఆయన వాదన. రైలుకయ్యే ఖర్చులో కొద్ది భాగంతో నీటిదారి అవుతుందని ఆయన చివరిదాకా పట్టు విడవలేదు. 1878లో లండనులో పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆ వాదనే వినిపించాడు. మాంచెస్టర్‌లో పత్తి సరఫరా కోసమే 1857లో ఒక సంఘం పుట్టింది. మిల్లు యజమానులు పత్తి దారుల కోసం ప్రభుత్వం మీద వత్తిడి తెచ్చారు.

ఆ దారి కోసమే మన సరిహద్దు మారింది. 1860 డిసెంబరులో నిజాంతో చేసుకున్న ఒడంబడిక ప్రకారం గోదావరికి ఎడమ వైపు భూములు, అంటే భద్రాచలం, దుమ్ముగూడెం, రేకపల్లి ప్రాంతాలు, ఇంగ్లీషువారి చేతికి పోయాయి. కుడి వైపు బూర్గంపాడు, అశ్వాపురం నిజాంకే మిగిలాయి. నదిమీద పోయే సరుకుకు ఉభయులూ సుంకం వసూలు చేయరాదన్నది అందులో ఒక షరతు. నిజాం కరోడ్‌గిరీ నాకాలను గురించి విన్న ముసలివారికి ఆ షరతు విలువ తెలుస్తుంది. ఎడ్లబండి ఒక తాలూకా దాటితే సుంకం కట్టవలసిన రోజులలో పడవ మాత్రం ఉచితంగా పోవచ్చు! ఆ ఉచితం కూడా దారినపోయే సరుకుకేగాని ఏటి ఒడ్డున బతికేవాడికి కాదు. అవతలి గట్టున చుట్టాలున్నవాడు ఏరు దాటితే దొరతనం మారేది, నాణెం మారేది. ఇటు ఇంగ్లీషు రూపాయి, అటు హాలీ సిక్కా. ఈ పరిస్థితి 1948 దాకా నడిచింది.

ఇలా చేతికి వచ్చిన నేలను ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి సిరొంచాను ముఖ్యపట్టణం చేశారు. 1861లో మధ్య పరగణాలు ఏర్పడగా ఈ జిల్లా అందులో చేరింది. అంటే మన భద్రాచలంవాసులు ఫిర్యాదు చేసుకోవాలంటే పెద్ద దొర నాగపూరులో వుండేవాడు. ఆ పరగణాలకు చీఫ్ కమిషనరుగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ కూడా ఈ నీటిదారి కావాలన్నవారిలో ఒకడు.

ఇక నది సంగతి. రాజమండ్రి నుంచి పాపికొండల ఇరుకు దాటి భద్రాచలం దాకా, నీళ్లున్న నెలల్లో పడవ రావడం పెద్ద కష్టం కాదు. దుమ్ముగూడెం దగ్గర మొదటి రాతి అడ్డు తగులుతుంది. ఏటిలో అడ్డదిడ్డంగా బండలు, వాటి సందుల్లో దూకే నీరు. అది దాటితే చాలా దూరం మంచి దారి, తరువాత ఇంద్రావతి కలిసేచోట ఇచ్చంపల్లి దగ్గర రెండవ అడ్డు. ఇంకా పైన ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర మూడవది. ఈ మూడు అడ్డులనూ దాటించగలిగితే వార్ధా పత్తి నేరుగా కాకినాడ చేరుతుందన్నది లెక్క.

దాటించే ఉపాయం లాకు. డెల్టా కాలువలు చూసినవారికి ఇది తెలిసినదే, చూడనివారికోసం చెబుతాను. ఏటికి ఆనకట్ట వేసి నీటిని నిలబెడతారు. ఆనకట్ట పక్కనుంచి బండలను తప్పించుకుపోయే కాలువ తవ్వుతారు. ఆ కాలువలో రెండు జతల తలుపులతో ఒక రాతి తొట్టి వుంటుంది. కిందనుంచి వచ్చిన పడవ తొట్టిలో చేరగానే వెనక తలుపులు మూసి, పైనుంచి నీరు వదులుతారు. నీటితోపాటు పడవ లేస్తుంది. పై మట్టం సమానం కాగానే ముందు తలుపులు తెరుస్తారు. దిగేటప్పుడు ఇదే తిరగేసి. మనిషి భుజం పెట్టకుండా ధాన్యపు పడవ మెట్టెక్కినట్టు ఎక్కుతుంది. ఎవరు కట్టించినా, ఎందుకు కట్టించినా, రాయికి రాయి అంత నేర్పుగా కూర్చినవాడి పనితనాన్ని మెచ్చుకోకుండా వుండలేము. దొరల పేర్లు పుస్తకాలలో వున్నాయి. ఆ రాతిపనివారి పేర్లు ఏ గోడమీదా లేవు.

పని చేయించిన ఇంజనీరు హేగ్. మద్రాసు ఇంజనీర్ల దళంవాడు. ఆయన కాలంలో దుమ్ముగూడెం కోయపల్లె రూపు మారి పెద్ద శిబిరమైంది. గుమాస్తాలు, మేస్త్రీలు, కమ్మరులు, కింది జిల్లాల కూలీలు వచ్చి చేరారు. హేగ్ ప్రోద్బలంతోనే క్రైస్తవ మిషను కూడా ఇక్కడికి వచ్చింది. ఆ మిషనులో తరువాత చాలాకాలం పనిచేసిన జాన్ కెయిన్ అనే పాదిరీ భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో వ్యాసాలు రాశాడు. ఆనాటి మన పల్లెల గురించి ఈరోజు ఎవరేమి రాసినా ఆయన రాతలవైపు చూడక తప్పదు. ఆయన చెప్పినవన్నీ ఒప్పుకోనక్కరలేదు. దొర దొర కళ్లతోనే చూస్తాడు. కాని, మనవాళ్లెవరూ రాయనప్పుడు ఆయన రాశాడు.

మన్యపు జ్వరం గురించి మీకు చెప్పనవసరం లేదు. చలిజ్వరం ఏమిటో, మందులు వచ్చిన ఈ కాలంలో కూడా, వాజేడు, చర్ల పల్లెలవారికి తెలుసు. దోమవల్ల జ్వరం వస్తుందన్న సంగతే ఆనాడు ఎవరికీ తెలియదు. పని చేయదగ్గ కాలం వేసవి నెలలు, వానలు పడగానే ఏరు మీదికి వస్తుంది, వానలు తగ్గగానే జ్వరం పట్టుకుంటుంది. ఏటా కొద్ది నెలలే చేతికి దక్కేవి. లక్షల రూపాయలు ఖర్చవుతున్నాయి, అడ్డులు మాత్రం తొలగడం లేదు.

నాకు తోచినంతలో అసలు లోపం ఇంకొకటి వుంది. మన పత్తి రైతులెవరైనా ఇట్టే పట్టుకోగల లోపం. గోదావరి నిండుగా వుండేది ఎప్పుడు? ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా. పత్తి చేతికి వచ్చేది ఎప్పుడు? కార్తీకం దాటాక తీతలు మొదలై మాఘం దాకా సాగుతాయి. గింజ తీసి, బేళ్లు కట్టి రేవుకు చేర్చేసరికి ఏరు ఇసుక మేటలు పడి వుంటుంది. అంటే ఈ ఏడు పత్తిని వచ్చే వానల దాకా కొట్లలో దాచి, అప్పుడు ఎక్కించాలి. అన్నాళ్లు పెట్టుబడిని నిలవ పెట్టుకునే షావుకారు ఎవడు? వరదలో పడవ ఎక్కిస్తే బండల మీద భయం, వేసవిలో ఎక్కిస్తే నీటి కరువు. నదిని మ్యాపు మీద చూసినవాడికి అది నీలపు గీత. ఒడ్డున వుండేవాడికి అది నెలకొక రకంగా వుండే మనిషి వంటిది.

అదే సమయానికి బయట రెండు సంగతులు జరిగాయి. అమెరికాలో 1861లో మొదలైన అంతర్యుద్ధంవల్ల అక్కడి పత్తి ఆగిపోయి, మన దేశపు పత్తికి ధర ఆకాశానికి ఎక్కింది. లాకుల పని జోరుగా సాగింది ఆ రోజులలోనే. 1865లో యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ మార్కెట్టుకు వచ్చింది, ధర పడిపోయింది. ఇంకొక రెండేళ్లకు, 1867లో, బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. వానాకాలమనీ వేసవి అనీ లేకుండా నాగపూరు పత్తి పడమటి రేవుకు పోవడం మొదలైంది. ఇక గోదావరి పడవ కోసం ఎదురు చూసేదెవరు? 1871లో ఎగువ గోదావరి పనులను గిట్టుబాటు కానివిగా తేల్చి మూసేశారు. ఒక్క రైలు కూతతో అన్ని ఏళ్ల శ్రమ నీళ్లపాలైంది. నీళ్లపాలైందనడం కూడా తప్పే, ఆ నీళ్లు చాలకనే పోయింది.

పుస్తకాలలో కథ ఇక్కడితో అయిపోతుంది. మన వూళ్లలో అయిపోలేదు.

దారి పోయినా దొరతనం పోలేదు. దారి లేనప్పుడు నాగపూరునుంచి ఈ అడవిని ఏలడమెందుకని 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదలాయించారు. మధ్య పరగణాలలో వున్నప్పుడు రేకపల్లి కొండల్లో పోడు కొట్టుకునేవారు గొడ్డలికి ఇంతని కొద్ది పన్ను కట్టేవారు. మద్రాసువారు దాన్ని మూడింతలు చేశారు. అడవిలో కొంత భాగంలో గొడ్డలి పెట్టవద్దన్నారు. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి సీమ కూడా కలిసి లేచిందంటే కారణం ఇదే. పత్తి దారికోసం వచ్చిన సరిహద్దు, పత్తి రాకపోయినా, కోయవాడి పోడు మీద పన్నై కూర్చున్నది. దుమ్ముగూడెం రాళ్ల పక్కన ఈ సంగతి రాసిన పలక ఒకటి వుండవద్దా?

తరువాత కూడా మన తాలూకా చేతులు మారుతూనే వున్నది. మద్రాసునుంచి ఆంధ్ర, తూర్పు గోదావరి జిల్లానుంచి 1959లో ఖమ్మం జిల్లా, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. మధ్యలో 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలు, భద్రాచలం పట్టణం పోగా మిగిలిన భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. కారణం మళ్లీ ఏరే, ఈసారి పోలవరం. భద్రాచలం పట్టణంవారు చెత్త పారబోయడానికి కూడా పక్క రాష్ట్రం వైపు చూడవలసి వచ్చిందని నవ్వుకుంటాం గాని, ఇది నవ్వే సంగతి కాదు.

పెద్ద వర్తకం రాకపోయినా చిన్న వర్తకం మాత్రం ఏటిమీద చాలాకాలం బతికింది. ఎగువ అడవులనుంచి టేకు దుంగలు, వెదురు తెప్పలుగా కట్టి రాజమండ్రికి వదిలేవారు. రాజమండ్రి కలప అడితీలు వాటితోనే నిండేవి. నాటు పడవలు, ఆపైన లాంచీలు రాజమండ్రినుంచి కూనవరం, భద్రాచలం దాకా తిరిగేవి. శ్రీరామనవమికి డెల్టా భక్తులు లాంచీలో వచ్చి రేవులో దిగడం పెద్దలు నేటికీ చెబుతారు. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది. బస్సులు, లారీలు వచ్చాయి. పడవ తగ్గింది. దీన్ని నేను తప్పు పట్టడం లేదు. జ్వరంతో వున్న బిడ్డను ఎత్తుకున్న తల్లికి వంతెన కంటే గొప్ప సంగతి లేదు.

మా వూరికి దగ్గరలో పడవ నడిపి మానేసిన ఒక ముసలాయన వున్నాడు. పేరు వేయవద్దన్నాడు. గడ వేసిన చేతులు, ఇప్పటికీ అరచేయి కాయలు కాసి వుంటుంది. నీటి మట్టం ఎంతో అడిగితే అడుగుల్లో చెప్పడు. ఫలానా బండ మునిగితే ఫలానా వాగు ఎదురెక్కుతుంది, ఫలానా చింతచెట్టు మొదలు తడిస్తే ఫలానా వూరికి దారి తెగుతుంది, ఇదీ ఆయన లెక్క. "విలేకరి బాబూ, మీ రేడియోవోడు నలభై మూడంటడు, నలభై ఎనిమిదంటడు. మా బండ ముందే చెప్తది" అన్నాడు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ రెండు వరదలనూ ఆయన చూశాడు. ఏ బండ ఎప్పుడు మునిగిందో వరుసగా చెప్పగలడు. ఆయన తరువాత ఆ లెక్క తెలిసినవారు మాలో ఎవరూ లేరు. కొడుకు ఆటో నడుపుతున్నాడు.

కాటన్‌ను నిందించడానికి ఈ నాలుగు ముక్కలూ రాయడం లేదు. డెల్టాలో ఆయన చేసిన మేలు అక్కడివారికి తెలుసు, వూరూరా విగ్రహాలు పెట్టుకున్నారు. ఒకే మనిషి, ఒకే నది, ఒకే రకం ఆనకట్ట. అక్కడ నీరు వూళ్లోకి వచ్చింది, చేలోకి దిగింది, గాదెలో ధాన్యమైంది. ఇక్కడ నీటిమీద ఎవరిదో సరుకు పోవాలన్నారు. అది పోలేదు గనుక పథకం విఫలమన్నారు. పోయి వుంటే మాత్రం మనకేమి వచ్చేదన్న ప్రశ్న కాగితాల్లో ఎక్కడా లేదు. రేవులో కూలీ దొరికేది, నాలుగు అంగళ్లు వచ్చేవి, నిజమే. అంతకు మించి చెప్పలేము.

ఇప్పుడు అదే ఏటి మీద పేర్లు ఒకటొకటిగా తిరిగి వస్తున్నాయి. రెండవ అడ్డు వున్న ఇచ్చంపల్లి పేరు గోదావరి-కావేరి అనుసంధానం ప్రతిపాదనలో వినబడుతున్నది. మొదటి అడ్డు వున్న దుమ్ముగూడెం దగ్గర సీతారామ ఎత్తిపోతల, సీతమ్మసాగర్ బ్యారేజి. కింద పోలవరం నమూనాలో పడవల రాకపోకలకు కూడా చోటిచ్చారు. చట్టంలో నాసిక్ దాకా జలమార్గం. ఇవన్నీ పూర్తయిననాడు ఏటిలో నీరు ఏడాది పొడుగునా నిలవవచ్చు, ఆనాడు కాటన్‌కు దక్కనిది ఈనాటివారికి దక్కవచ్చు. పడవల దారి రావద్దని నేను అనను. లారీ కిరాయికంటే పడవ కిరాయి తక్కువన్న లెక్క నాకూ తెలుసు. కాని జలమార్గం గురించి వచ్చే మాటల్లో బొగ్గు, సిమెంటు, బియ్యం, ఎరువుల టన్నులే వినబడతాయి. ఎక్కే చోటు, దిగే చోటు మాత్రమే వినబడతాయి. నడుమ వూళ్ల పేర్లు వినబడవు.

నడుమ వూళ్లకు ఏమి కావాలో చెప్పడం కష్టం కాదు. చర్ల, వెంకటాపురం మిరప రైతు బస్తాలను లారీకెత్తి ఖమ్మమో, వరంగల్ ఏనుమాములో చేరుస్తాడు. కిరాయి, హమాలీ, కమీషను పోను మిగిలేది ఆయన ఇంట్లోవారికే తెలుసు. పడవ వస్తే ఆ బస్తా ఎక్కే రేవు మన గట్టున వుండాలి. వరద వచ్చి చర్ల రోడ్డు మునిగినప్పుడు కాన్పు నొప్పులతో వున్న ఆడమనిషిని భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోయే మరపడవ ఏడాది పొడుగునా సిద్ధంగా వుండాలి, వరద తగ్గాక వచ్చే పడవ కాదు. అవతలి గట్టు అశ్వాపురానికి, మణుగూరుకు పోవడానికి చుట్టు తిరుగుడు తప్పాలి. ఏటికి అడ్డంగా పోయే పడవను పొడుగునా పోయే పడవ కంటే ముందు ఆలోచించాలంటాను. జలమార్గం పెద్దలు దీన్ని చిన్న కోరిక అనవచ్చు. గట్టున వున్నవాడికి ఇదే పెద్దది.

ఇంకొక సంగతి. పాత లాకు, కాలువ, ఆనకట్టలను కొలతలతో, ఫోటోలతో రికార్డు చేయవలసిన సమయం ఇదే. పక్కనే పెద్ద నిర్మాణాలు వచ్చినప్పుడు పాత రాళ్లు ఎవరికీ అక్కరకు రావు, రాత్రికి రాత్రి ట్రాక్టర్లెక్కుతాయి. ఇలా వూళ్లలో ఎన్ని చూడలేదు! ఈ కట్టడం గురించిన పాత మ్యాపు ఒకటి దొరుకుతుందేమోనని నేను ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి గుమాస్తా సెలవు. రెండవసారి బీరువా తాళం వేరొకరి దగ్గర. మూడవసారి "అది పనికిరాని కట్టడం కదండీ, మ్యాపెందుకు?" అని ఆయన నన్నే అడిగాడు. ఆయనమీద నాకు కోపం లేదు, పాపం ఆయన బల్లమీద పింఛన్ల కాగితాలు గుట్టగా వున్నాయి. అయినా పనికిరాదని 1871లో ఒకసారి అన్నారు, ఇప్పుడు రెండవసారి అనవద్దనే నా మనవి.

పర్ణశాలకు వచ్చే యాత్రికులు ఏటా లక్షల్లో వుంటారు. పర్ణశాల ఈ మండలంలోనిదే. వారిని అటునుంచి అటే వెనక్కు పంపకుండా దుమ్ముగూడెం గట్టున ఒక గంట ఆపగలిగితే, అక్కడ లాకు ఎలా పనిచేసేదో చూపే చిన్న నమూనా, తెలుగులోనూ కోయ భాషలోనూ రాసిన ఒక పలక పెట్టగలిగితే, నాలుగు టీ కొట్లు నడుస్తాయి, మన పిల్లలకు తమ వూరి సంగతి తెలుస్తుంది. ఇందుకు కోట్లు అక్కరలేదు. పంచాయతీ, మండల పెద్దలు, బడి పంతుళ్లు కలిసి కూర్చుంటే చాలు. పడవ నడిపిన ముసలివారి మాటలను బడిపిల్లల చేత నోటుబుక్కుల్లో రాయించడానికి అసలు డబ్బే అక్కరలేదు.

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పినప్పుడు ఆ ముసలాయన, "లాకు తలుపులు మూస్తరా, తెరుస్తరా, అది రాయి" అన్నాడు. ఏ తలుపులు తాతా, ఇప్పుడు తలుపులే లేవు కదా అన్నాను. "అట్లనా, అయితే ఇంకేంది, నీళ్లొచ్చినప్పుడు సూద్దాం" అని బీడీ ముట్టించాడు. వానలు మొదలైనప్పుడు నన్ను వెంటబెట్టుకుపోయి బండలన్నీ ఒకసారి చూపిస్తానని మాట ఇచ్చాడు. నోటుబుక్కు కొని పెట్టుకున్నాను.